పప్పుగుత్తికి చురక

చలికాలం పొద్దున్నే అరచేతులు రుద్దుకుంటే హాయిగా వెచ్చబడతాయి కదర్రా. అదే నిండిన చేద జారి, తాడు అరచేతుల్లోంచి జర్రున పోయిందనుకోండి? బొబ్బలే! రెండూ రాపిడే. ఎంత గట్టిగా, ఎంత వేగంగా అన్నదే తేడా.

నాకు పన్నెండేళ్లప్పుడు మావయ్య నన్ను ఏటికొప్పాక తీసుకెళ్లాడు. అనకాపల్లి వైపు, వరాహ నది పక్కన, లక్కబొమ్మల ఊరు. అక్కడో ముసలాయన తరిమెన మీద అంకుడు కర్ర తిప్పుతూ, నా చేతికి ఉప్పు కాగితం ముక్క ఇచ్చి దానిమీద తిరుగుతున్న పప్పుగుత్తి పిడిని నునుపు చెయ్యమన్నాడు. నేనా, బలం చూపిద్దామని అదిమి పట్టాను. కాసేపటికి మాడిన జంతికల వాసన! పిడి మొన మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు.

ఎందుకంటారా? పులుసులో ఇనప గరిటె వదిలేస్తే పిడిదాకా కాలుతుంది, చెక్క గరిటె కాలదు. చెక్క వేడిని లోపలికి పోనివ్వదు. వంటింట్లో అది సుగుణమే గానీ, ఇక్కడ పుట్టిన వేడంతా పైచర్మం మీదే కూర్చుంటుంది. పైన తడి ఆరి ముడుచుకుంటుంది, లోపల ముడుచుకోదు. ఎండాకాలం చెరువు మట్టి పగిలినట్టే పగులుతుంది.

వేగం సంగతీ చూడండి. నాలుగంగుళాల మందం కర్ర నిమిషానికి 1000 చుట్లు తిరిగితే, దాని అంచు గంటకు 19 కిలోమీటర్ల లెక్కన పరుగెడుతుంది. సైకిల్ జోరుగా తొక్కినంత! అందుకే నునుపు చేసేటప్పుడు వేగం తగ్గించాలి, కాగితాన్ని ఆనీ ఆననట్టు పట్టాలి, ఒకేచోట నిలపకుండా అటూఇటూ జరపాలి. అరిగిపోయిన కాగితాన్ని మాత్రం మొహమాటపడకుండా పారెయ్యండి. మొద్దు కత్తిపీట టమాటాను కొయ్యదు, నలుపుతుంది. అరిగిన కాగితమూ అంతే, గీకడం మానేసి వట్టినే రాసుకుంటూ వేడి పుట్టిస్తుంది. వేలికి చుర్రుమందా, చెయ్యి తియ్యండి. వేలికి మించిన థర్మామీటరు లేదక్కడ.

తమాషా ఏంటంటే, ఆ తర్వాత ముసలాయన తిరుగుతున్న ఇంకో కర్రకు ఎర్రటి లక్క కడ్డీని కావాలనే గట్టిగా ఆనించాడు. పొయ్యి లేదు, నిప్పు లేదు, లక్క కరిగి వెన్నలా పరుచుకుంది. నేను తప్పనుకున్న వేడే ఆయనకు పనిముట్టు! పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసింది.

నా పప్పుగుత్తిని అమ్మ పారెయ్యలేదు. కడిగినప్పుడల్లా పగుళ్లలో ఇరుక్కున్న పసుపు గోటితో గీకుతూ, నావైపు ఓ చూపు చూసేది.