పాత వ్యానుకు కొత్త డాష్‌బోర్డు: అమర్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు



పంట పండించడం ఒక ఎత్తు, పండినదాన్ని వేళకు బజారు చేర్చడం ఇంకొక ఎత్తు. ఉద్దానంలో ఏరిన జీడిపిక్కలు పలాస చేరాలన్నా, కోసిన మామిడికాయ నలగకుండా విజయనగరం చేరాలన్నా, తెల్లవారేసరికి వంకాయ, బెండకాయ, ఆనపకాయ రైతుబజారుకు అందాలన్నా మధ్యలో ఒక బండి ఉండి తీరవలెను. ఒకప్పుడు ఆ పని ఎడ్లబండి చేసేది. ఇప్పుడు చిన్న వ్యాను చేస్తున్నది.

పదేళ్ళు, పన్నెండేళ్ళు తిరిగిన వ్యాన్లు మన పల్లెల్లో ఎన్నో కనిపిస్తవి. ఇంజను ఇంకా గట్టిగానే ఉంటుంది. కాని డ్రైవరు కూర్చునే గది మాత్రం పాడుపడి ఉంటుంది. ఎండకు డాష్‌బోర్డు పగిలిపోయి, సీటు స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చి, మీటరు ముల్లు కదలక నిలిచిపోయి ఉంటవి. అటువంటప్పుడు అదే కంపెనీవారి తర్వాతి మోడలు డాష్‌బోర్డు, సీట్లు తెచ్చి పాత బండికి బిగించుకుందామని యజమానులు ఆలోచిస్తారు. ఆలోచన మంచిదే. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు నడిపేవాడి నడుముకు మంచి సీటు విలాసం కాదు, అవసరం.

అయితే ఒక్క మాట ముందుగా గ్రహించవలెను. డాష్‌బోర్డు బండికి ముస్తాబు కాదు, నోరు. ఇంజనులో నూనె తగ్గినా, నీళ్ళు మరిగినా, బ్యాటరీకి కరెంటు అందకపోయినా ఆ సంగతి డ్రైవరుకు చెప్పేది అదొక్కటే. పాత డాష్‌బోర్డు చూడడానికి బాగులేకపోయినా నిజం చెబుతుంది. కొత్తది అందంగా ఉండి అబద్ధం చెబితే ఇంజనే పోతుంది. కాబట్టి ఈ పనిలో అందం చివర, నిజం ముందు.

కొనే ముందు చూడవలసినవి

మొదట మీ బండికి, తెచ్చే డాష్‌బోర్డుకు బంధుత్వం ఉన్నదా అని చూడండి. ఒకే కంపెనీ, ఒకే రకం బండి, కొద్ది ఏళ్ళ తేడా అయితే బోల్టు రంధ్రాలు కలిసే వీలు ఎక్కువ. అద్దం కింద రెండు స్తంభాల మధ్య వెడల్పు, స్టీరింగు గొట్టం ఎత్తు, గేరు రాడ్డు చోటు, చేతి బ్రేకు చోటు కొలిచి కాగితం మీద వేసుకోండి. ఆ కాగితం చేతబట్టుకుని విశాఖ ఆటోనగరుకు వెళ్ళినా, లారీల ఊరని పేరున్న సాలూరుకు వెళ్ళినా మోసపోరు. కొలత లేకుండా కొన్నది రంపంతో కోయవలసి వస్తుంది. కోసిన డాష్‌బోర్డు గతుకుల దారిలో కిరకిరలాడుతూనే ఉంటుంది.

రెండవది, ఆ సామాను నీట మునిగిన బండిది కాకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను ఎంత ధ్వంసం చేసిందో మీకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది బళ్ళు నీట మునిగినవి. మునిగిన బళ్ళ సామాను విడివిడిగా పాత సామాన్ల దుకాణాలకు చేరవచ్చు. కప్లర్లు విప్పి లోపల చూడండి. రాగి పిన్నుల మీద పచ్చని చిలుము ఉంటే, మీటరు అద్దం లోపల మట్టి గీత ఉంటే ఎంత చవకైనా కొనరాదు. ఆ చిలుము ఇవాళ కాకపోతే రేపు ఏ అర్ధరాత్రో దీపాలు ఆర్పేస్తుంది.

మూడవది, మరీ కొత్త మోడలు జోలికి పోవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి-6 నియమం వచ్చిన తర్వాత తయారైన బళ్ళలో ఇంజనుకు కంప్యూటరు ఉంటుంది. చాలా వాటిలో మీటరు ఆ కంప్యూటరుతో రెండు తీగల మీద మాట్లాడుకుంటుంది. మీ పాత ఇంజనుకు ఆ భాష రాదు. అటువంటి మీటరు తెచ్చి పెడితే తాళం తిప్పగానే దీపాలు వెలుగుతవి గాని ముళ్ళు కదలవు.

మీటర్లు నిజం చెబుతున్నవా?

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వద్దాము. ఒక్కొక్క మీటరుకు ఒక్కొక్క మర్మం ఉన్నది.

స్పీడు మీటరు: పాత బళ్ళలో గేరుబాక్సు నుంచి ఒక కేబులు తిరుగుతూ వచ్చి మీటరు ముల్లును తిప్పుతుంది. తర్వాతి మోడళ్ళలో కేబులు ఉండదు. గేరుబాక్సు దగ్గర ఒక సెన్సారు ఉండి కరెంటు స్పందనలు పంపుతుంది. అందువల్ల కొత్త మీటరు పెడితే దానికి తగిన సెన్సారు కూడా పెట్టవలెను. అది కుదరకపోతే పాత మీటరునే కొత్త చట్రంలో బిగించుకోవడం మేలు. పనిచేసే స్పీడు మీటరు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 117వ నియమం చెబుతున్నది.

ఆయిలు ముల్లు, వేడి ముల్లు: డీజిలు ట్యాంకులో ఒక తేలుడు బెండు ఉంటుంది. అది పైకి, కిందికి కదిలినప్పుడు కరెంటుకు అడ్డు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ అడ్డును బట్టి ముల్లు కదులుతుంది. ఒక్కొక్క మోడలుకు ఈ లెక్క ఒక్కొక్క రకం. లెక్క కలవకపోతే ట్యాంకు ఖాళీ అయినా ముల్లు సగం చూపుతుంది. నీళ్ళ వేడి ముల్లుదీ ఇదే కథ. కాని దాని నష్టం పెద్దది. రేడియేటరు మరుగుతున్నా ముల్లు చల్లగా ఉన్నట్టు చూపితే, హెడ్డు గ్యాస్కెట్టు పోయేదాకా డ్రైవరుకు తెలియదు. కాబట్టి మీటరుతోపాటు ఆ మోడలు సెన్సారును కూడా తెచ్చి ఇంజనుకు బిగించాలి. అది ఇంజను రంధ్రానికి సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంజను ఆయిలు దీపం: తాళం తిప్పగానే ఇది వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోతే సంతోషించరాదు. ఆరిన దీపం, చచ్చిన దీపం చూడడానికి ఒక్కలాగే ఉంటవి. ఇంజను దగ్గర ఆయిలు స్విచ్చి తీగను విప్పి, తాళం వేసి ఉంచి, దాన్ని ఇంజను ఇనుముకు తాకించండి. దీపం వెలిగితే తీగ, దీపం రెండూ బాగున్నట్టు.

చార్జింగు దీపం: దీని సంగతి చాలామందికి తెలియదు. పాత రకం బళ్ళలో ఈ చిన్న బల్బు గుండా వెళ్ళే కొద్దిపాటి కరెంటే డైనమోను నిద్ర లేపుతుంది. కొత్త మీటరులో బల్బుకు బదులు చిన్న ఎల్.ఇ.డి. దీపం ఉంటే ఆ కరెంటు చాలదు.

“దీపం మారితే బ్యాటరీకి ఏటవుతాది బావూ?” అని ఎవరైనా అడగవచ్చు. అవుతుంది. డైనమో లేవకపోతే బండి బ్యాటరీ మీదనే నడుస్తుంది. పగలు ఏమీ తెలియదు. రాత్రి పెద్ద దీపాలు వేసుకుని జాతీయ రహదారి మీద వస్తుండగా దీపాలు మెల్లమెల్లగా మసకబారుతవి. ఎలక్ట్రీషియను చేత ఆ దీపానికి జోడుగా తగిన రెసిస్టరు వేయించండి, లేదా అసలు బల్బునే పెట్టించండి. ఆపైన మల్టీమీటరుతో చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు రావాలి. రాకపోతే మీ బండి చార్జి కావడం లేదన్నమాట.

వైరింగు పని

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివు తీగ విప్పి పక్కన పెట్టవలెను. పాత డాష్‌బోర్డు ఊడదీసే ముందు ప్రతి కప్లరుకు గుడ్డ పేలిక కట్టి, అది దేనిదో రాయండి. మీ చేతిలో ఫోను ఉన్నది కదా, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి ఉంచండి. తీగలు కోయడం సులువు. ఏది ఎక్కడిదో తర్వాత వెదకడం కష్టం.

అతుకు వేయక తప్పకపోతే మెలిపెట్టి టేపు చుట్టి వదలరాదు. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి అటువంటి అతుకు కొద్ది కాలంలోనే చిలుము పడుతుంది. సోల్డరు వేసి, స్లీవు తొడిగించండి. ఇంజను వైపు నుంచి లోపలికి తీగ దూరే రంధ్రానికి రబ్బరు గ్రొమెట్టు తప్పక ఉండాలి. లేకపోతే రేకు అంచు తీగను కోసి షార్టు చేస్తుంది.

ఫ్యూజు తీగకు కాపలాదారు. తీగ ఎంత కరెంటు మోయగలదో దాన్ని బట్టి ఫ్యూజు వేయాలి. ఎర్రది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపుపచ్చ 20, ఆకుపచ్చ 30. 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని 30ది వేసినా, సిగరెట్టు పెట్టె వెండికాగితం చుట్టినా, ఈసారి కాలేది ఫ్యూజు కాదు, తీగ. తీగతోపాటు బండి, బండితోపాటు సరుకు.

రైతులు మరువరాని మాట ఇంకొకటి. ధాన్యం, వేరుసెనగ మోసే వ్యాను గదిలో గింజలు రాలితే ఎలుకలు చేరుతవి. అవి డాష్‌బోర్డు వెనుక గూడు కట్టి తీగలు కొరుకుతవి. వారానికి ఒకసారి గది ఊడ్చి, కప్లర్ల వైపు ఒక చూపు చూడండి.

సీట్లు, లోపలి సామాను

కొత్త సీటును కంపెనీవారు ఇచ్చిన పాత బోల్టు రంధ్రాలకే బిగించాలి. పలుచని రేకుకు కొత్తగా రంధ్రం పొడిచి బిగించిన సీటు, గట్టిగా బ్రేకు వేసిన రోజున మనిషితో సహా ముందుకు వస్తుంది. సీటుబెల్టు బిగింపులను కదపరాదు. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగు చూడముచ్చటగా ఉన్నదని తేవద్దు. దానిలో పేలుడు మందు ఉంటుంది. దాని సెన్సార్లు, కంప్యూటరు లేని బండిలో అది కాపాడదు సరికదా, విప్పేవాడికే ప్రమాదం.

కాళ్ళ కింద మందపు చాప పరిస్తే అది బ్రేకు కిందికి, యాక్సిలరేటరు కిందికి జరగకుండా చూడవలెను. తడి చాప కింద రేకు తుప్పు పడుతుంది. నేల రేకులోని నీళ్ళు పోయే రంధ్రాలను మూయరాదు.

చట్టం సంగతి కూడా వినండి. ఆర్.సి.లో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పు చేయరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. సీట్ల సంఖ్య పెంచడం, గది కోసి పెద్దది చేయడం అటువంటివే. చేసే మార్పు మీద అనుమానం ఉంటే పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. లోపల సీటు మెత్తగా ఉన్నది కదా అని సరుకు బండిలో కూలిజనాన్ని ఎక్కించరాదు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెసు చేయించాలి కాబట్టి, ఈ పనిని ఫిట్‌నెసు గడువుకు ముందే ముగించుకుంటే మంచిది.

తెచ్చిన మీటరులో వేరే బండి తిరిగిన కిలోమీటర్లు ఉంటవి. మీ పాత మీటరు అంకెను, మార్చిన తేదీని పుస్తకంలో రాసి ఉంచండి. ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలో లెక్క తప్పదు. బండి అమ్మే రోజున కొనేవాడికి ఆ కాగితం చూపించడం ధర్మం.

ఎప్పుడు, ఏ వరుసలో?

చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే ముందు బ్రేకులు, తర్వాత టైర్లు, ఆ తర్వాత స్టీరింగు జాయింట్లు. ఇవి బాగుచేయించిన తర్వాతనే డాష్‌బోర్డు. పనికి అనువైన కాలం సంక్రాంతి వెళ్ళిన తర్వాత, జీడి, మామిడి కోతలు అందుకోక ముందు. అప్పుడు బండి నాలుగు రోజులు షెడ్డులో నిలిచినా పంటకు నష్టం రాదు.

అన్నీ బిగించగానే సరుకు ఎత్తవద్దు. మొదట ఖాళీ బండితో చదును దారిలో ఇరవై కిలోమీటర్లు తిప్పండి. ఫోనులో చూపే వేగంతో స్పీడు మీటరును పోల్చండి. పెద్ద దీపాలు, వైపర్లు, హారను ఒకేసారి వేసి వోల్టులు చూడండి. చేయి పెట్టి తీగల కట్ట ఎక్కడైనా వెచ్చబడిందా తడమండి. ఆ తర్వాత సగం బరువు, ఆ తర్వాత నిండు బరువు. సాలూరు దాటి ఒడిశా వైపు పి.కోనవలస ఘాటు ఎక్కవలసిన బండి అయితే ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఎక్కేటప్పుడు వేడి ముల్లు మెల్లగా పైకి కదలడం కనిపించాలి. దిగేటప్పుడు బ్రేకు ఆయిలు హెచ్చరిక దీపం మీద ఒక కన్ను ఉండాలి. ఆ దీపం పనిచేస్తున్నదని కింద ఉండగానే రూఢి చేసుకోవాలి.

నాగలి కర్రు అరిగితే రైతు చేతితో తడిమి తెలుసుకుంటాడు. ఇంజను లోపల అరిగేది చేతికి అందదు. దాని తరఫున మాట్లాడే ముళ్ళు, దీపాలు నిజం చెప్పేటట్టు చేసుకుని, ఆపైన మీకు నచ్చిన రంగు సీటు గుడ్డ వేసుకోండి. పంట వేళకు బజారు చేరుతుంది, నడిపినవాడు వేళకు ఇల్లు చేరుతాడు.