పచ్చనాకు పాండువర్ణమైనప్పుడు

ఆకు పసుపుబారుట రోగము కాదు, రోగలక్షణము. పోషకలోపమువలనను, వేరు చెడుటవలనను, చీడపురుగు రసము పీల్చుటవలనను, దీపపు వేడిమివలనను, తుదకు కేవలము వయస్సు మీరుటవలనను కలుగు మార్పులన్నియు కంటికి ఒక్క పసుపు రంగుగానే తోచును. ఈ భేదము నెరుగని పెంపకందారు, పసుపు కనబడినంతనే ఎరువు గుమ్మరించి, ఉన్న కష్టమునకు మరియొక కష్టమును జతచేయును. హరితగృహములలో మొక్కలు నష్టపోవుటకు పోషకము చాలకపోవుటకంటె, చాలలేదని తొందరపడి నిర్ణయించుటయే తరచుగా కారణమగుచున్నదని నా దృఢాభిప్రాయము.

కెనడా దేశమున, ఒంటారియో రాష్ట్రపు దక్షిణభాగమున, ఈరీ సరస్సు ఉత్తరతీరమునకు చేరువగా లీమింగ్టన్ అను పట్టణము కలదు. దానిచుట్టును గాజుకప్పుల తోటలు విస్తారముగా వ్యాపించియున్నవి. టమాటా, దోస, బుట్టమిరప అచ్చటి ప్రసిద్ధమైన పంటలు. వయోజనులకు గంజాయిని చట్టసమ్మతము గావించిన శాసనము 2018 అక్టోబరు 17వ తేదీన ఆ దేశమున అమలులోనికి వచ్చినది. దానికి ముందువెనుకలుగా ఈ గాజు ఇండ్లలో కొన్ని లైసెన్సుతో గంజాయి పెంపకమునకు మారినవి. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ప్రభుత్వానుమతి లేకుండ ఈ మొక్కను పెంచుట నేరము. కనుక ఇచ్చట చెప్పబోవునది ఆ దేశపు అనుమతి పొందిన తోటలలోని మొక్కనుగూర్చిన వృక్షశాస్త్రము. అయినను ఆకు భాష ఏ దేశమందైన ఒక్కటియే. ఆ గాజు ఇంటిలోని గంజాయి ఆకు చెప్పునదే మన పాలీహౌసులోని కీరదోస ఆకును, రాయలసీమ చేనిలోని వేరుసెనగ ఆకును చెప్పుచున్నవి.

ముందుగా పచ్చదనమనగా నేమో తెలిసికొనవలెను. ఆకునకు పచ్చని రంగు నిచ్చునది పత్రహరితము. దాని నిర్మాణమును శోధించిన జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు రిచర్డ్ విల్‌స్టాటర్ ఆ కృషికిగాను 1915లో నోబెల్ బహుమానము నందుకొనెను. పత్రహరితపు ప్రతి అణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువును, దానిచుట్టును నాలుగు నత్రజని పరమాణువులును ఉండును. ఆకునందే కెరోటినాయిడ్లను పసుపు, నారింజ వర్ణద్రవ్యములు కూడ ఎల్లప్పుడు నుండును. రష్యా దేశీయుడు మిఖయీల్ త్స్వెట్ ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆకురసమును సుద్దపొడి నింపిన గొట్టముగుండ పారించి, పచ్చని పట్టెలను పసుపు పట్టెలను వేరువేరుగా కంటికి చూపెను. కావున ఆకు పసుపుబారినదనగా క్రొత్త రంగేదో వచ్చి చేరినదని కాదు. పచ్చనిది తొలగగా, దాని క్రింద నెప్పుడును ఉన్న పసుపు బయటపడినదని అర్థము. ఇక ప్రశ్న యేమనగా, ఆ పచ్చనిది తయారుకాలేదా, తయారైనది చెడినదా, లేక మొక్కయే దానిని విప్పి మరియొక చోటికి తరలించుకొన్నదా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునది పసుపు రంగు కాదు, పసుపు మొదలైన చోటు. ఏ ఆకు ముందు మారినది, క్రిందిదా, పైదా? అనుభవజ్ఞుడైన తోటమాలి మొట్టమొదట అడుగు మాట ఇదియే; నిదానమునందు సగభాగము దీనితోనే తేలిపోవును. నత్రజని, భాస్వరము, పొటాషియము, మెగ్నీషియము అను ధాతువులు మొక్క దేహమున సంచరింపగలవు. వేరునుండి రాక తగ్గినప్పుడు మొక్క వీనిని ముదురాకులనుండి తీసి చిగుళ్లకు పంపును. ముసలి తలిదండ్రులు తమ ముద్దను పిల్లల కంచములో వేయునట్లు, క్రిందియాకు తాను పాలిపోయి పైయాకును పచ్చగా నిలుపును. ఇనుము, మాంగనీసు, జింకు, కాల్షియము, బోరాను మొదలగునవి యటుగాక ఒకసారి చేరినచోటనే చాలవరకు కదలక నిలిచిపోవును. అందుచేత వీని కొరత చిగురునందే కనబడును, క్రిందియాకులు చెక్కుచెదరక పచ్చగా నుండును.

చోటు తెలిసిన పిమ్మట వాలకము చూడవలెను. క్రిందియాకు ఈనెలతో సహా అంతయు సమానముగా వెలిసిపోయి, లేతాకుపచ్చనుండి నిమ్మపండు రంగునకు దిగి, తుదకు రాలిపోవుచున్నచో అది నత్రజనిలోపము. ఆకులోని నత్రజనిలో సుమారు నాలుగింట మూడువంతులు పత్రహరితముండు కణాంగములలోనే చేరియుండును గనుక, మొక్క దానిని తరలించుకొనినంతనే ఆకునకు పచ్చదనము తప్పిపోవుట స్వభావమే. ఆ క్రిందియాకులోనే ఈనెలు పచ్చగా నిలిచి, ఈనెల నడుమనున్న భాగము మాత్రము పసుపుబారినచో మెగ్నీషియమును శంకింపవలెను. అంచులు ముందు పసుపై, పిదప కాలినట్లు గోధుమవర్ణమున ఎండిపోవుచున్నచో పొటాషియము. పైయాకులలో ఈనెలు సన్నని పచ్చని వలవలె మిగిలి, తక్కినదంతయు పసుపై, ముదిరినకొలది తెలుపునకు తిరుగుచున్నచో ఇనుము. మాంగనీసు లోపము దీనికి చాల దగ్గరగా నుండును. కంటితో నిశ్చయించుట సాహసము, ఆకును ప్రయోగశాలకు పంపుటయే క్షేమము. గంధకలోపము నత్రజనిలోపమువలె ఆకంతటిని సమముగా పాలిపోజేయును గాని, అది తరచుగా లేతయాకులనుండి మొదలగును.

ఈ లక్షణములు ఊహలు కావు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు గంజాయి మొక్కలను హరితగృహమున ఇసుకలో పెంచి, పోషకద్రవమునుండి ఒక్కొక్క ధాతువును మినహాయించి, ఏ కొరతకు ఏ ఆకు ఎట్లు మారునో పరిశీలించి 2019లో ప్రకటించిరి. ఇట్టి మినహాయింపు పద్ధతి నూరేండ్లకు పైబడిన సంప్రదాయము. 1860 ప్రాంతమున జర్మనీలో యూలియుస్ ఫాన్ సాక్స్ మొక్కలను మన్ను లేకుండ నీటిలోనే పెంచి చూపిననాటినుండియు వృక్షపోషణశాస్త్రము ఈ త్రోవనే నడచుచున్నది.

ఇనుమునుగూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన పెంపకందారులు అధికముగా పొరబడునది ఇచ్చటనే. యూసెబ్ గ్రీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1840 దశకములో, పాలిపోయిన ఆకులపై ఇనుప లవణద్రావణమును పూయగా పూసినచోటు మరల పచ్చబడుటను నిరూపించెను. మన రైతులకు ఈ చికిత్స చిరపరిచితమే. సున్నము పాలెక్కువైన నేలలలో వేరుసెనగ లేతయాకులు పసుపై తెల్లబారునప్పుడు, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి పిచికారి చేయుడని వ్యవసాయశాఖవారు చెప్పుచునేయున్నారు. ఇందలి విశేషమేమనగా ఆ నేలలో ఇనుము లేకపోలేదు. కావలసినదానికంటె ఎన్నో రెట్లున్నది. కాని క్షారగుణమెక్కువైనచోట అది కరగదు; ఆమ్లక్షారతలను తెలుపు ఉదజని సూచిక (pH) ఒక్క అంకె పెరిగినచో కరగియుండు ఇనుప అయానులు వేయిరెట్లు తగ్గిపోవును. వేరు చుట్టును ధాన్యపు కొట్టే యున్నను, దానికి తాళము వేసియున్నది.

గాజు ఇంటిలోని కుండీయందును జరుగునది ఇదియే. మన్ను లేని మాధ్యమములలో ఉదజని సూచిక 5.5కును 6.5కును నడుమ నుండుట మేలు. బావినీటిలో బైకార్బొనేట్లు ఎక్కువగా నున్నచో, ప్రతి తడికిని కొంచెము కొంచెముగా ఆ సూచిక పైకి ప్రాకి, కొన్ని వారములకు ఇనుమును వేరునకు అందకుండ చేయును. పెంపకందారు చిగురు పసుపుబారుట చూచి మరింత ఇనుము పోయును. అదియు గడ్డకట్టి నిరుపయోగమగును. ఇనుమును గడ్డకట్టనీయక పట్టియుంచు కీలేటు రూపమున దానిని వాడువారు కూడ ఏ కీలేటో గమనింపవలెను. ఇ.డి.టి.ఎ. అనునది సూచిక 6.5 దాటిన పిమ్మట ఇనుమును నిలుపలేదు, ఇ.డి.డి.హెచ్.ఎ. అను ముదురెరుపు పొడి క్షారమునందును నిలుపగలదు. నత్రజనిని ఏ రూపమున నిచ్చుచున్నామనునది కూడ ఈ సూచికను కదల్చును. నైట్రేటును గ్రహించు వేరు తన చుట్టును క్షారతను పెంచును, అమ్మోనియమును గ్రహించు వేరు ఆమ్లతను పెంచును. కనుక ఎరువు సంచిమీది అంకెలు చూచుటకు పూర్వము, కుండీ అడుగునుండి కారు నీటిని పట్టి, పోసిన నీటితో పోల్చి కొలుచుట వివేకము. రెండుమూడు వేల రూపాయల చిన్న పరికరముతో జరుగు ఈ పనిని విడిచి, పదివేల రూపాయల మందులు కొనువారిని చూచినప్పుడు మనస్సు నొచ్చును.

ఆ కారు నీటిలో లవణములు పోసినదానికంటె బాగుగ హెచ్చియున్నచో, మొక్క ఆకలితో కాదు, అతితిండితో బాధపడుచున్నదని గ్రహింపవలెను. లవణములు పేరుకొనిన మాధ్యమమునుండి వేరు నీటిని లాగుకొనలేదు. ధాతువులలో ధాతువులకు పోటీ కూడ కలదు. పొటాషియము మితిమీరినచో మెగ్నీషియము వేరున ప్రవేశింపలేక, ద్రవమున సమృద్ధిగా నుండియు ఆకునందు లోపించును. మన దక్షిణదేశమునుండియు శ్రీలంకనుండియు విదేశపు గాజు తోటలకు ఎగుమతియగు కొబ్బరి పొట్టునందు ఈ చిక్కు విశేషముగా నుండును. దానియందు సహజముగా పొటాషియము, సోడియము నిలిచియుండి, అవి విడిపోవునప్పుడు కాల్షియము, మెగ్నీషియములను పట్టి యుంచుకొనును. అందువలననే మంచి పొట్టును ముందుగా కాల్షియము నైట్రేటు ద్రావణమున నానబెట్టి కడిగి పంపుదురు. కడుగని పొట్టులో నాటిన మొక్క తొలివారములలోనే క్రిందియాకుల ఈనెల నడుమ పసుపుబారినచో ఆశ్చర్యపడనక్కరలేదు.

వేరునుగూర్చిన విచారణ ఇంతతో ముగియలేదు. వేరునకు నీరెంతయో ప్రాణవాయువు నంతయే యవసరము. నిత్యము తడిసియున్న కుండీలో గాలి చొరబడక, వేరు శ్వాసింపలేక, పోషకములను లోనికి తీసికొను శక్తిని కోల్పోవును. మొక్క క్రిందినుండి మీదివరకు నీరసించి పసుపుబారి, నేల తడిగా నున్నను ఆకులు వ్రేలాడును. ఆ తడియందే పిథియమ్ అను సూక్ష్మజీవి వేరుకుళ్లు తెచ్చును. మొక్కను కుండీనుండి మెల్లగా జార్చి చూచిన సందేహము తీరును: ఆరోగ్యమైన వేరు తెల్లగా గట్టిగా నుండును, కుళ్లినది గోధుమరంగున మెత్తబడి, వ్రేళ్లతో లాగినచో పైతోలు ఊడివచ్చి నడిమి దారము మిగులును. నీటినిబట్టి కలిగిన ఈ వ్యాధికి ఎరువు నీటితోనే చికిత్స ప్రారంభించువారు పెక్కుమంది.

ఆకు పైభాగమును మాత్రమే చూచువాడు సగమే చూచినవాడు. అడుగుభాగమును త్రిప్పి, పదిరెట్లు పెద్దదిగా చూపు కటకముతో పరిశీలింపవలెను. పైన సన్నని సూదిమొన పొడిచినట్లు పసుపుచుక్కలుండి, అడుగున కదలు రేణువులును పలుచని సాలెగూడును కనబడినచో అది ఎర్రనల్లి. 30 డిగ్రీల సెల్సియసు దరిదాపు వేడిమిలో ఇది గ్రుడ్డునుండి పెద్దదగుటకు వారము పదిదినములు చాలును. పొడిగాలి దానికి మిక్కిలి ప్రియము. ఆహారముగనో ఔషధముగనో మనుష్యుల దేహమున ప్రవేశించు పంటమీద పురుగుమందులు చల్లుటకు కెనడా నిబంధనలు కఠినములు, కావున అచ్చటివారు నల్లిని తిను మరియొక నల్లిని విడిచిపెట్టుదురు. ఫైటోసియులస్ పర్సిమిలిస్ అనబడు ఈ భక్షకనల్లిని పెంచి అమ్ముట డచ్చి దేశమున యాన్ కోపర్ట్ అను దోసతోట యజమాని 1967లో ప్రారంభించెను. తన తోటను ఎర్రనల్లి పాడుచేయగా ఆయన ఈ మార్గము త్రొక్కెను.

వైరసులవలన కలుగు పసుపునకు మందు లేదు. మన మినుము, పెసర చేలలో తెల్లదోమ మోసుకొనివచ్చు పల్లాకు తెగులు దీనికి నిదర్శనము. గంజాయి తోటలలో హాప్ లేటెంట్ వైరాయిడ్ అనునది, వైరసుకంటెను సూక్ష్మమైనది, తల్లిమొక్కనుండి కొమ్మకత్తిరింపులద్వారా ప్రాకి మొక్కను గిడసబార్చును. ఒకే వరుసలో నొక మొక్క మాత్రము వింతగా మారి, పొరుగు మొక్కలు అదే నీరు త్రాగుచు పచ్చగా నున్నచో, పోషకముపై నింద మోపుట న్యాయము కాదు.

ఇక చికిత్సయే వలదనదగిన పసుపు ఒకటి కలదు. గంజాయి దీర్ఘరాత్రులను చూచి పూయు మొక్క. గాజు ఇండ్లలో నల్లని తెరలు దించి దినమునకు పండ్రెండు గంటల చీకటి కల్పింతురు. పూత ముదిరిన తుదివారములలో మొక్క క్రింది పెద్దాకులలోని నత్రజనిని పూగుత్తులకు తరలించును; ఆ యాకులు క్రమముగా, శాంతముగా పసుపుబారి రాలును. ఇది వయోధర్మము. ఈ దశలో పచ్చదనము కోరి నత్రజనిని కుమ్మరించుట అవివేకము. కాని ఇదే పసుపు పూతకు ముందు, పెరుగుదల దశలో, దినదినమును ఒక్కొక్క మెట్టు పైకెక్కుచున్నచో అప్పుడు ఉపేక్షింపరాదు. దీపములకు మిక్కిలి దగ్గరనున్న పైకొనలు మాత్రమే వెలిసిపోయినచో దీపమును ఎత్తవలెను గాని ఎరువును మార్చరాదు.

నిదానము కుదిరిన పిమ్మట ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. సూచికను సవరించి, మెగ్నీషియమునిచ్చి, తడులను తగ్గించి, అన్నియు ఒకే దినమున చేసినచో, మొక్క కోలుకొన్నను దేనివలన కోలుకొన్నదో తెలియదు, మరల అదే దుఃస్థితి వచ్చినప్పుడు అనుభవము అక్కరకు రాదు. కొన్ని మొక్కలను ఏ మార్పును చేయక విడిచిపెట్టి తక్కినవానితో పోల్చుట మేలు. ప్రయోగశాలకు ఆకులు పంపువారు పూర్తిగా విచ్చుకొనిన లేతయాకులను, పాలిపోయిన మొక్కలనుండి కొన్నియు ఆరోగ్యమైన మొక్కలనుండి కొన్నియు వేరువేరు సంచులలో పంపవలెను. పాలిపోయినవానిని మాత్రమే పంపినచో పోల్చుటకు ఆధారముండదు. ఫలితమును చూచుటకు పాత ఆకులను చూడరాదు. పూర్తిగా పసుపుబారిన ముదురాకు మరల పచ్చబడుట అరుదు. చికిత్స ఫలించినదో లేదో ఆపైన పుట్టిన ఆకులవలననే తెలియును. వానిని చూడకమునుపే, ఫలితము కనబడలేదని మూడవనాడు రెండవ మందు పోయువారు మొదటి మందు చేసిన మేలును కూడ పోగొట్టుకొందురు.