రోమన్ సైనికుల జీతం ఉప్పేనా?
లాటిన్ మూలాలు: అపోహలు – వాస్తవాలు

జీఆర్‌ఈకి చదివే పిల్లల దగ్గర, అమెరికాలో స్పెల్లింగ్ బీకి తయారయ్యే మన తెలుగు పిల్లల దగ్గర లాటిన్ మూలాల జాబితా ఉండనే ఉంటుంది. ఒక్క మూలం పట్టుకుంటే పది ఇంగ్లిష్ మాటలు తెలుస్తాయి. పద్ధతి మంచిదే. అయితే ఆ జాబితాల వెంట కొన్ని కట్టుకథలూ ప్రచారమవుతున్నాయి.

అపోహ: రోమన్ సైనికులకు జీతంగా ఉప్పు ఇచ్చేవారు. 'శాలరీ' అలా పుట్టింది.

వాస్తవం: లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు, 'శాలరీ'కి మూలమైన 'సలారియం' దాన్నుంచి వచ్చిందే. అంతవరకే నిజం. సైనికులకు జీతం నాణేల్లో ముట్టేది. జూలియస్ సీజర్ పెంచాక మామూలు సిపాయికి ఏడాదికి 225 డెనారియస్ నాణేలు. తిండికీ బట్టలకూ అందులోంచే కోత పడేది. ఉప్పుకూ సలారియానికీ సంబంధం ఉందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు గానీ, ఉప్పునే జీతంగా కొలిచి ఇచ్చారని చెప్పలేదు.

అపోహ: జులై, ఆగస్టులను మధ్యలో దూర్చడంవల్లే 'ఏడు' అనే పేరున్న సెప్టెంబరు తొమ్మిదో నెలైంది.

వాస్తవం: జులై, ఆగస్టు కొత్త నెలలే కావు. 'ఐదోది' అనే అర్థమున్న క్వింటిలిస్‌కు క్రీ.పూ. 44లో సీజర్ పేరు, 'ఆరోది' అయిన సెక్స్‌టిలిస్‌కు క్రీ.పూ. 8లో అగస్టస్ పేరు పెట్టారంతే. రోమన్ల పాత ఏడాది మార్చితో మొదలయ్యేది. క్రీ.పూ. 153 నుంచి కాన్సల్‌లు (రోమ్ అత్యున్నత అధికారులు) జనవరి 1న పదవి చేపట్టడంతో ఏడాది ఆరంభం అటు జరిగింది, పేర్లలోని లెక్క తప్పింది.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నెలల పేర్లలోని లాటిన్ అంకెలను ఒకసారి పైకి చదవండి: సెప్టెమ్, ఆక్టో, నోవెమ్, డెకెమ్. మన పంచాంగంలోని సప్తమి, అష్టమి, నవమి, దశమి వినిపిస్తాయి. ఇది కాకతాళీయం కాదు. అలాగని చాలామంది నమ్మినట్టు లాటిన్ సంస్కృతంలోంచి పుట్టిందీ కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఏదో ఒకే మూలభాష నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ చెప్పాడు. అవి అక్కచెల్లెళ్లు, తల్లీబిడ్డలు కావు. తెలుగుది ద్రావిడ కుటుంబం. మన ఏడు, ఎనిమిది వేరే దారిన వచ్చాయి.

అపోహ: 'ఇన్' ముందుంటే 'కాదు' అని అర్థం.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే. రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. జాబితా బట్టీపట్టిన పిల్లవాడు దాన్ని 'మండనిది' అనుకునే వీలుంది. లాటిన్‌లో 'ఇన్'లు రెండు. ఒకటి వ్యతిరేకార్థం, మన 'అనర్హం'లోని 'అన్' లాంటిది. రెండోదానికి 'లోపలికి' అని అర్థం. 'ఇన్‌ఫ్లమ్మారె' అంటే మంట పెట్టడం. అందులో ఉన్నది రెండోది. ఈ గందరగోళం ప్రాణాల మీదికి తెస్తుందనే హెచ్చరికల మీద 'ఫ్లేమబుల్' అనడం మొదలైంది. రెండింటికీ ఒకటే అర్థం. మూలాలు నేర్పే మాస్టార్లు ఈ మాటను మొదటిరోజే చెప్పితీరాలి.

'సిన్సియర్' అంటే 'మైనం పూయనిది' అనీ, పగిలిన శిల్పాలకు మైనం పూసి అమ్మే మోసం నుంచి వచ్చిందనీ చెప్పేది ఉత్త కథ. 'సింకేరుస్' అంటే కల్తీ లేనిది, శుద్ధమైనది.

అపోహ: 'పెడ్' కనిపిస్తే పాదమే.

వాస్తవం: పెడల్, పెడెస్ట్రియన్, పెడిక్యూర్ పాదం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చాయి. పీడియాట్రిక్స్ మాత్రం గ్రీకు మాట. అక్కడ 'పైస్' అంటే బిడ్డ. ఆస్పత్రి బోర్డు మీద బ్రిటిష్ పద్ధతిలో 'పి' తర్వాత 'ఏ', 'ఇ' రెండూ రాసి ఉంటే, ఆ అదనపు 'ఏ' గ్రీకు మూలం మిగిల్చిన జాడ.