రెడ్ సిగ్నల్ చలాన్ పడిందా? డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి.. లేదంటే లైసెన్స్‌కే ఎసరు!

పొద్దున డ్యూటీకి వెళ్లారు. దారిలో సిగ్నల్ దాటారు. సాయంత్రానికి ఫోన్‌లో మెసేజ్.. మీ బండి మీద సిగ్నల్ జంపింగ్ చలాన్! "నేను గ్రీన్‌లోనే కదా వెళ్లింది" అని గుర్తుంది. కానీ స్టేషన్ల చుట్టూ ఎవరు తిరుగుతారులే అని ఫోన్‌లోనే కట్టేస్తారు కొందరు. ఇంకొందరు డిస్కౌంట్ ఎప్పుడిస్తారా అని అలాగే వదిలేస్తారు. తెలంగాణలో 2022లో టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చాక ఈ అలవాటు బాగా పెరిగింది.

తప్పు మీదే అయితే కట్టేయడమే మంచిది. కానీ తప్పు చేయకుండానే చలాన్ వస్తే మాత్రం.. కట్టడం, వదిలేయడం రెండూ నష్టమే. ఎందుకంటే ఇక్కడ అసలు విషయం వెయ్యి రూపాయల జరిమానా కాదు, మీ డ్రైవింగ్ లైసెన్స్. క్యాబ్, ఆటో, డెలివరీ మీద బతికేవాళ్లకు లైసెన్స్ పోతే ఆ నెల ఇల్లు గడవదు.

కడితే కేసు క్లోజ్ అయినట్టేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. కోర్టుకు వెళ్లకుండా డబ్బు కట్టి కేసు ముగించుకోవడాన్ని కాంపౌండింగ్ అంటారు. ఇది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200లో ఉంది. 2019 సవరణతో ఇందులో రెండు ముఖ్యమైన మాటలు చేరాయి. ఒకటి.. డబ్బు కట్టి ముగించుకున్నా సరే, మళ్లీ అదే తప్పు చేసినప్పుడు పాతదాన్ని 'మొదటి తప్పు'గా లెక్కేస్తారు. రెండోది.. జరిమానా కట్టినంత మాత్రాన లైసెన్స్ మీద తీసుకునే చర్య ఆగదు.

అంటే మీరు చేయని తప్పుకు ఈరోజు డబ్బు కట్టేస్తే, రేపు నిజంగా ఒకసారి దొరికినప్పుడు అది మీకు 'రెండోసారి' అవుతుంది. రాయితీలో కట్టినా అంతే.. డిస్కౌంట్ జరిమానాకే తప్ప రికార్డుకు కాదు.

చలాన్‌లో ముందు చూడాల్సింది సెక్షన్

మెసేజ్ రాగానే అందరూ అమౌంట్ చూస్తారు. దానికంటే ముందు ఏ సెక్షన్ కింద వేశారో చూడండి.

* సెక్షన్ 119, 177: ట్రాఫిక్ గుర్తులు పాటించకపోవడం. చట్టం ప్రకారం మొదటిసారి రూ.500, ఆ తర్వాత రూ.1,500 వరకు జరిమానా.
* సెక్షన్ 184: ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 నుంచి రెడ్ లైట్ జంపింగ్‌ను కూడా ఇందులో చేర్చారు. మొదటిసారి రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రూ.10,000 జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ.

ఇవి చట్టంలో ఉన్న అంకెలు. చలాన్‌లో కట్టమని అడిగే మొత్తాన్ని ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కాబట్టి తేడా ఉంటుంది.

లైసెన్స్‌కు గండం ఎక్కువగా సెక్షన్ 184తోనే. సెక్షన్ 206(4) ప్రకారం ఈ కేసులో పోలీసులు లైసెన్స్ స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపొచ్చు. సెక్షన్ 19(1ఏ) కింద మొదటిసారి అయితే 3 నెలలు సస్పెన్షన్, రెండోసారి అయితే ఏకంగా రద్దు. రెడ్ లైట్ జంప్ చేసేవారి లైసెన్స్ కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ కూడా 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

కెమెరా ఫొటోలో ఏముండాలి?

సిగ్నల్ రెడ్‌లో ఉన్నప్పుడు బండి స్టాప్ లైన్ దాటితే కెమెరా పట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ నంబర్ ప్లేట్ చదువుతుంది. ఆ నంబర్‌కు ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లకు చలాన్ వెళ్తుంది. ప్లేట్ మీద మట్టి పడినా, స్క్రూ అడ్డొచ్చినా 8 కాస్తా 3లా కనిపించొచ్చు.

కెమెరా చలాన్లకు కేంద్రం 2021 ఆగస్టులో రూల్ 167ఏ తెచ్చింది. దాని ప్రకారం నోటీసుతో పాటు తప్పును చూపించే ఫొటో, స్పష్టంగా కనిపించే నంబర్ ప్లేట్, తేదీ, సమయం, ప్లేస్, సెక్షన్ వివరాలు ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కూడా ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. కెమెరాకు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అథారిటీ ఆమోదం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. ఇక్కడ కెమెరా ఉందని చెప్పే బోర్డు కూడా పెట్టాలి.

ఫొటో డౌన్‌లోడ్ చేసుకుని జూమ్ చేయండి. ఈ ప్రశ్నలు వేసుకోండి:

* అది మీ బండేనా? రంగు, మోడల్, స్టిక్కర్లు కలుస్తున్నాయా?
* ఫొటోలో రెడ్ లైట్ కనిపిస్తోందా? వెనకాల నంబర్ ప్లేట్ ఒక్కటే ఉంటే సిగ్నల్ జంప్ చేశారని ఎలా తేలుతుంది?
* మీరు ఫ్రీ లెఫ్ట్ తీసుకున్నారా?
* ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి ఊపి పొమ్మన్నారా? డ్యూటీలో ఉన్న పోలీసు చెప్పినట్టు నడుచుకోవాలని సెక్షన్ 119 చెబుతోంది.
* అంబులెన్స్‌కు దారివ్వడానికి ముందుకు కదిలారా? దారి ఇవ్వకపోతే రూ.10,000 జరిమానా అని సెక్షన్ 194ఈ చెబుతోంది. కాబట్టి ఇది గట్టి పాయింటే.

15 రోజులు దాటింది, బోర్డు లేదు లాంటివి కూడా రాయండి. కానీ వాటి మీదే ఆధారపడొద్దు. 'ఫొటోలో ఉన్నది నా బండి కాదు', 'లైట్ రెడ్‌లో లేదు' అన్నవే బలమైన వాదనలు.

ఎలా సవాల్ చేయాలి?

1. ముందు సాక్ష్యం దాచుకోండి. చలాన్, ఫొటోల స్క్రీన్‌షాట్లు తీయండి. డ్యాష్‌క్యామ్ వీడియో ఉంటే వెంటనే కాపీ చేసుకోండి, కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. ఆ టైమ్‌లో మీరు వేరేచోట ఉంటే ఆఫీస్ అటెండెన్స్, ఫాస్టాగ్ మెసేజ్, పెట్రోల్ బంక్ బిల్లు, క్యాబ్ యాప్ ట్రిప్ వివరాలు పనికొస్తాయి.

2. చలాన్ ఏ పోర్టల్‌లో ఉందో అక్కడే ఫిర్యాదు పెట్టండి. పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆప్షన్ ఉంటుంది. చలాన్ నంబర్, బండి నంబర్, కారణం, ఆధారాలు జత చేయండి. కథంతా రాయొద్దు.. నాలుగు వాక్యాలు చాలు. ఫిర్యాదు నంబర్ దాచుకోండి.

3. జవాబు రాకపోతే ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంప్ వేయించుకోండి. కెమెరా ఆమోద పత్రం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

4. అప్పటికీ తేలకపోతే కోర్టు. బెంగళూరు, చెన్నై, ఢిల్లీలో ఉంటున్న మనవాళ్లకు కేసు వర్చువల్ కోర్టుకు వెళ్తే.. అక్కడ 'జరిమానా కడతాను', 'కేసు పోరాడతాను' అని రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. తొందరలో మొదటిది నొక్కేయొద్దు. రెండోది ఎంచుకుంటే కేసు మామూలు కోర్టుకు మారుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఫిర్యాదు పెట్టాం కదా అని చలాన్‌ను, కోర్టు సమన్లను పక్కన పడేయొద్దు. గడువు దాటితే ఆర్టీఏ పనులు ఆగిపోవచ్చు.

బండి మీది, నడిపింది ఇంకొకరా?

కెమెరాకు కనిపించేది నంబర్ ప్లేట్, లైసెన్స్ కాదు. నడిపింది తమ్ముడో, డ్రైవరో అయితే ఆ విషయం ఫిర్యాదులోనే చెప్పండి. పోలీసులు అడిగితే నడిపినవారి పేరు, అడ్రస్, లైసెన్స్ వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత సెక్షన్ 133 ప్రకారం ఓనర్‌దే. అలాగని ఇంకొకరి తప్పును మీ లైసెన్స్ మీద వేసుకోవద్దు, మీ తప్పును వేరేవాళ్ల మీదకు నెట్టొద్దు.

బండి అమ్మేశారా? పేరు మార్పించారో లేదో చూసుకోండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఆర్సీలో పేరు మీదే ఉన్నంతకాలం చలాన్లు మీకే వస్తాయి. నంబర్ ప్లేట్ ఎవరో కాపీ కొట్టారని అనిపిస్తే వెంటనే పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి.

లైసెన్స్ నోటీసు వస్తే?

సస్పెండ్ చేసే ముందు మీ మాట వినాలని చట్టమే చెబుతోంది. షోకాజ్ నోటీసు వస్తే గడువులోపు జవాబు ఇవ్వండి, పిలిచిన రోజు వెళ్లండి. చలాన్‌ను సవాల్ చేసిన కాగితాలన్నీ తీసుకెళ్లండి. మొదట్లో పెట్టిన ఆ ఫిర్యాదు నంబర్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఆర్డర్ మీకు వ్యతిరేకంగా వస్తే, అందిన 30 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు.

సస్పెన్షన్‌లో ఉండగా మాత్రం బండి ముట్టుకోవద్దు. పట్టుబడితే 3 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. గడువు అయిపోయాక కూడా రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేస్తేనే లైసెన్స్ తిరిగి ఇస్తారు.

ఇవన్నీ మీ దాకా రావాలంటే ఆర్సీ, లైసెన్స్‌లలో మీ ఇప్పటి ఫోన్ నంబర్, అడ్రస్ ఉండాలి. ఇల్లు మారితే 30 రోజుల్లోపు ఆర్సీలో అడ్రస్ మార్పించాలి. పాత అడ్రస్‌కు వెళ్లిన నోటీసు మీరు చూడకుండానే గడువు దాటిపోతుంది.

ఫేక్ చలాన్‌తో జాగ్రత్త!

వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తే పొరపాటున కూడా ఓపెన్ చేయొద్దు. ఇన్‌స్టాల్ అయితే ఫోన్‌లోని ఓటీపీలు, బ్యాంకు వివరాలు దొంగల చేతికి వెళ్తాయి. మెసేజ్‌లోని లింక్ నొక్కకుండా, వెబ్‌సైట్ మీరే ఓపెన్ చేసి బండి నంబర్‌తో చెక్ చేసుకోండి. ప్రభుత్వ సైట్ అడ్రస్ చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది.

ఈసారి మెసేజ్ వస్తే ముందు ఫొటో చూడండి, సెక్షన్ చూడండి. తప్పు మీదైతే కట్టేయండి, ఇంకోసారి స్టాప్ లైన్ వెనకే ఆగండి. కాదంటే ఆ రోజే ఫిర్యాదు పెట్టండి.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. లైసెన్స్ నోటీసు లేదా కోర్టు సమన్లు అందితే లాయర్‌ను సంప్రదించడం మంచిది.)