మోటారు సైకిలులో వింత చప్పుడు

రేడియోలో పాట నడుమ చిటపటలు వినబడినప్పుడు అనుభవము గల గృహస్థుడు వెంటనే పెట్టె విప్పడు. మొదట పెట్టెకు తగిలించిన ఏరియలు తీగను ఊడదీసి చూచును. చిటపట ఆగినచో దోషము వెలుపలినుండి వచ్చుచున్నది. ఆగనిచో పెట్టెలోనో, దానికి వచ్చు విద్యుత్తులోనో ఉన్నది. తరువాత ఇంటిలోని ఫ్యానును, ట్యూబులైటును ఒకటొకటిగా ఆపి చూచును. ఒక్కొక్కప్పుడు వీధిలో పోవు మోటారు సైకిలే ఈ చిటపటకు మూలమై యుండును. దాని ప్లగ్గులో పుట్టు నిప్పురవ్వ ఒక చిన్న ప్రసారయంత్రము వలె పనిచేయును. గృహస్థుడు చేసినదెల్ల ఒక్కటే: ఒక్కొక్క పరీక్షతో సందేహించవలసిన స్థలమును తగ్గించుకొనుచు పోయినాడు. మోటారు సైకిలే వింత చప్పుడు చేయ నారంభించినప్పుడును పనికివచ్చునది ఈ పద్ధతియే.

లోకములో సాధారణముగా జరుగునది వేరు. "బండి టకటక మనుచున్నది" అని యజమాని చెప్పును. టాపెట్లని ఒకరు, చైనని ఒకరు, ఇంజను బోరుకు వచ్చినదని మరియొకరు తీర్పు చెప్పుదురు. ఊహ మీద ఒక భాగమును మార్తురు, చప్పుడు పోదు. మరియొకటి మార్తురు, అప్పటికిని పోదు. ఈ విధముగా జీతములో కొంత కరగిపోవును. అంతకన్న పెద్ద నష్టము ఇంకొకటి కలదు. నిజముగా ప్రమాదకరమైన చప్పుడును అలవాటైన చప్పుడుగా భావించి బండిని నడుపుచు పోవుటయే ఆ నష్టము. కావున మనము తేల్చుకొనవలసినవి రెండు: చప్పుడు ఎచ్చటినుండి వచ్చుచున్నది? అది ఉండగా బండి నడుపవచ్చునా?

ఆరోగ్యముగా ఉన్న బండియు నిశ్శబ్దముగా ఉండదు. గాలితో చల్లబడు ఇంజనుకు కారు ఇంజనుకున్నట్లు చుట్టును నీటి కవచము లేదు. సిలిండరు చుట్టునున్న పలుచని రెక్కలు లోపలి చప్పుళ్లను గంట వలె మ్రోగించి వెలికి పంపును. అందుచేతనే కొన్ని బండ్లలో ఆ రెక్కల నడుమ రబ్బరు ముక్కలు దూర్చుదురు. బండి బాగున్న దినములలోనే దాని సహజధ్వనిని శ్రద్ధగా విని యుంచుకొన్నవానికి క్రొత్త చప్పుడు వెంటనే తెలియును.

మొదటి ప్రశ్న: చప్పుడు ఇంజను వేగమును అనుసరించుచున్నదా, చక్రముల వేగమును అనుసరించుచున్నదా? రద్దీ లేని చదునైన రోడ్డుపై గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుచు, క్లచ్చి పట్టి, యాక్సిలరేటరును వదలవలెను. ఇంజను నెమ్మదించును, చక్రములు మాత్రము తిరుగుచునే యుండును. చప్పుడు ఇంజనుతో పాటు నెమ్మదించినచో దోషము ఇంజనులో గాని దానిని అంటియున్న భాగములలో గాని ఉన్నది. నెమ్మదింపక చక్రముల వెంటనే సాగినచో చైను, చక్రపు బేరింగులు, బ్రేకులు, చువ్వలు, మడ్‌గార్డు, ఇవి సందేహింపవలసినవి. క్లచ్చి పట్టినప్పుడే పుట్టి, వదలినప్పుడు పోవు చప్పుడు క్లచ్చికే చెందినదని తలపవలెను. ఈ ఒక్క పరీక్షతో సందేహము సగము తీరును.

రెండవ ప్రశ్న చప్పుడు యొక్క లయను గూర్చినది. నాలుగు ఘాతముల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరుగగా వాల్వులు ఒక్కొక్కసారి మాత్రమే తెరచుకొనును. నిమిషమునకు 900 చుట్లు తిరుగు ఇంజనులో క్రాంకుకు చెందిన చప్పుడు సెకనునకు 15 మారులు, ఒక వాల్వుకు చెందిన చప్పుడు దానిలో సగము, అనగా 7 లేక 8 మారులు వినబడును. చక్రమునకు వేరొక లెక్క కలదు. 19 అంగుళముల చక్రమునకు 3.25 అంగుళముల టైరు వేసినచో చుట్టుకొలత సుమారు 2 మీటర్లగును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనునకు 10 మీటర్ల చొప్పున పోవునప్పుడు, అట్టి చక్రము సెకనునకు 5 చుట్లు తిరుగును. ఈ మూడు లయలు చెవికి వేరువేరుగా తోచును. పాటలో తాళమును గుర్తించగల వారెవరైనను వీనిని గుర్తింపగలరు.

మూడవ ప్రశ్న: ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన పిదపనా? తేలికగా పోవునప్పుడా, బరువు లాగునప్పుడా? చల్లని ఇంజనులో ధబధబ వినబడి, నాలుగైదు నిమిషములలో సద్దుమణిగినచో అది చాలవరకు పిస్టను సిలిండరు గోడను తట్టుటయే. అల్యూమినియపు పిస్టను వేడికి వ్యాకోచించి ఖాళీ తగ్గగానే చప్పుడు తగ్గును. ఎగువ రోడ్డుపై పెద్ద గేరులో బలవంతముగా లాగించునప్పుడు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్లు వినబడు చప్పుడు వేరొకటి. పెట్రోలు గాలి మిశ్రమము క్రమముగా మండక, ఒక భాగము తటాలున ప్రేలుట దీనికి కారణము. చిన్న గేరు వేయగానే ఇది మాయమగును. ఈ దోషమును అణచుటకై 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపు పద్ధతిని కనుగొనెను. సీసము విషమగుటచేత భారతదేశమున 2000 సంవత్సరములో దానిని మానివేసిరి. మాటిమాటికి ఈ చప్పుడు వచ్చుచున్నచో నిప్పురవ్వ ముందుగా పడుచున్నదేమో, సిలిండరులో మసి పేరుకొన్నదేమో చూపించవలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ నగరపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థయు, మద్రాసు మోటార్సు సంస్థయు కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. నాటినుండి దక్షిణదేశమున ప్రతి ఊరికిని పరిచయమైనది బుల్లెట్టు. దాని పాత ఇనుప సిలిండరు ఇంజను 346 ఘనసెంటీమీటర్లది. సిలిండరు వ్యాసము 70, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. ఇట్టి బండి ఒకటి నిలిపియున్నప్పుడు కూడ టకటక మనుచున్నదనుకొందము. లయ క్రాంకులో సగము. వెంటనే టాపెట్లని అందరును అందురు. కాని సైలెన్సరు గొట్టము సిలిండరును కలియు చోట సందున్నను ఇదే లయలో చప్పుడు వచ్చును. ఏలయన పొగ కూడ రెండు చుట్లకు ఒకసారియే వెలువడును. ఇచ్చట లయ మనకు సాయపడదు. అప్పుడే స్టార్టు చేసిన చల్లని బండి వద్ద, లోహమును తాకకుండ, ఆ అతుకునకు దగ్గరగా చేయి పెట్టి చూడవలెను. ఊపిరి తగిలినట్లు గాలి తగిలినను, అతుకు చుట్టును నల్లని మసి కనబడినను, దోషము అచ్చటనే ఉన్నది. క్రొత్త వాషరుతో పోవు దోషమునకు ఇంజను విప్పించుట ఎంతటి వృథా!

అతుకు బాగున్నచో అప్పుడు టాపెట్లను చూడవచ్చును. ఈ పాత బుల్లెట్టులో కుడివైపున సిలిండరు అడుగున ఒక చిన్న మూత కలదు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత మూత తీసి, వాల్వు మూసికొనియున్న స్థితిలో పుష్‌రాడ్డును వ్రేళ్లతో త్రిప్పి చూడవలెను. అది సులువుగా తిరుగవలెను. క్రిందికి మీదికి మాత్రము ఆడరాదు. ఇతర బండ్లకు తయారుచేసినవారు నిర్ణయించిన సందు వేరుగా ఉండును. దానిని కొలత రేకుతో చూతురు. చప్పుడు పూర్తిగా పోవలెనని మరలను గట్టిగా బిగించుట పొరపాటు. అప్పుడు వాల్వు సంపూర్ణముగా మూసికొనదు. మంట దాని అంచును తాకుచు కొలదికాలములో కాల్చివేయును. చెవికి సుఖము కలిగినది గదా యని సంతోషించునంతలో వాల్వు చెడును. కొద్దిగా పలుకు టాపెట్టే బిగిసిన టాపెట్టుకన్న మేలు.

చప్పుడు పుట్టిన చోటును పట్టుకొనుట సులభము కాదు. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోగా, ఇనుములో 5000 మీటర్లు పోవును. అందుచేత ఒక మూల పుట్టినది ఫ్రేము మీదుగా ప్రాకి మరియొక మూల పలుకును. దీనికి వైద్యుల ఉపాయమే శరణ్యము. 1816లో ప్యారిసులో లేనెక్ అను వైద్యుడు కాగితపు చుట్టను రోగి ఎదపై ఆనించి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనులో ఒక్కొక్క చోట ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించినచో, ఏ చోట చప్పుడు మిక్కిలి స్పష్టముగా ఉన్నదో తెలియును. చైనునకు, తిరుగు చక్రమునకు దగ్గరగా ఈ పని చేయరాదు. వ్రేలాడు కండువాను, పమిట కొంగును ముందుగా బిగించి కట్టుకొనవలెను.

చక్రముల వెంట వచ్చు చప్పుళ్లకు పరీక్ష సులభము. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, వెనుక చక్రమును చేతితో త్రిప్పుచు చైను వదులును నాలుగైదు చోట్ల చూడవలెను. ఒకచోట బిగువుగను, ఒకచోట వదులుగను ఉన్నచో చైను అరిగినది. ఎంత బిగించినను ప్రయోజనము లేదు. చువ్వలను ఒక్కొక్కదానిని చిన్న స్పానరుతో తట్టినచో బిగువైనది మ్రోగును, వదులైనది మూగగా పలుకును. చక్రమును ప్రక్కకు ఊపినప్పుడు ఆడినచో బేరింగు సంగతి ఆలోచింపవలెను. నంబరు పలక, పనిముట్ల పెట్టె వంటి వాని చిన్న బోల్టులను చేతితో పట్టి చూచుట మరువరాదు. పెద్ద భయమును పుట్టించిన చప్పుడు తరచుగా ఇట్టి అల్పస్థానమున దొరకును.

అయితే కొన్ని చప్పుళ్ల విషయమున పరీక్షలకు పూనుకొనక బండిని వెంటనే ఆపవలెను. ఇంజను అడుగునుండి, బరువు లాగునప్పుడు, క్రాంకు లయలో బరువైన సుత్తిదెబ్బ వలె వినబడునది మొదటిది. కనెక్టింగు రాడు అడుగు బేరింగు అరుగుట దీనికి సామాన్యకారణము. నూనె తక్కువైనప్పుడు ఇది శీఘ్రముగా ముదురును. తీసిన నూనెలో మెరయు లోహపు రజను కనబడినచో సందేహము బలపడును. ఆ రాడు విరిగినచో ఇంజను బిగిసిపోయి వెనుక చక్రము నిలిచిపోవును. పరుగులోనున్న బండి జారిపడును. అట్టి క్షణమున క్లచ్చి పట్టుకొనుటయే ప్రాణరక్ష. చక్రము నుండి వచ్చు గరగర, చైను పండ్లపై ఎగిరిపడు ఠక్కుఠక్కు, బ్రేకు వేసినప్పుడు లోహము లోహమును గీరు ధ్వని, ఇవియు ఇట్టివే. ఇల్లు ఇంకెంతో దూరము లేదని వీనితో సాగించరాదు.

2020 నుండి వచ్చు క్రొత్త బండ్లలో ఇంధనమును కొలిచి పంపు ఎలక్ట్రానిక్ సాధనములు ఉన్నవి. వానిలో కొన్ని దోషములను ఒక చిన్న దీపము తెలియజేయును. అరిగిన చైనును గూర్చి గాని, వదులైన చువ్వను గూర్చి గాని ఆ దీపము చెప్పదు. కావున మెకానిక్కు వద్దకు పోవుటకు ముందు ఒక కాగితముపై ఐదు మాటలు వ్రాసికొనుడు: చప్పుడు ఏ వేగమున వచ్చుచున్నది, క్లచ్చి పట్టినప్పుడు ఏమైనది, చల్లగా ఉన్నప్పుడా, వేడిలోనా, ఎప్పటినుండి, దానికి ముందు ఏ మరమ్మతు జరిగినది. "ఏదో చప్పుడు" అని మాత్రము చెప్పిన యజమాని ఆతనిచేత ఊహింపజేయును. ఈ ఐదును చెప్పినచో ఆతడు మొదట ఏ మూతను తీయవలెనో, దేనిని తీయనక్కరలేదో తేల్చుకొనగలడు.