డబ్బాలో వచ్చు బలము

గోరంట్ల చుట్టునున్న ఎఱ్ఱనేలలలో వేరుసెనగ ముఖ్యమైన పంట. ఆ గింజలో నూటికి సుమారు 25 పాళ్లు మాంసకృత్తులు కలవు. అయినను సాయంకాలము మైదానములో పరుగెత్తి వచ్చిన విద్యార్థి, ఇంటనున్న గింజను విడిచి, కండలు పెంచునని చెప్పెడి పొడి డబ్బా కొరకు తండ్రిని పీడించుట నేడు అరుదు కాదు. ఆ డబ్బా హానికరమా? మాంసకృత్తు విషము కాదు. దాని వెంట పేరు చెప్పకుండ వచ్చునవే చూడదగినవి.

డబ్బాపై వ్రాసిన మాంసకృత్తుల లెక్క ఎట్లు వచ్చినది? 1883లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు కెల్డాల్ ప్రకటించిన పద్ధతిచే నత్రజనిని కొలిచి, సాధారణముగా 6.25చే గుణింతురు. ఆ నత్రజని ఎక్కడినుండి వచ్చినదో ఈ పరీక్షకు తెలియదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలకు, నూటికి 66 పాళ్లు నత్రజని గల మెలమిన్ చేర్చి పరీక్షను మోసగించిరి. పసిపిల్లల మూత్రపిండములలో రాళ్లు ఏర్పడినవి. ఆరుగురు శిశువులు మరణించిరి.

రెండవది బూజు. ఇది గోరంట్లకు దగ్గరి విషయము. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీకోళ్లు చచ్చినవి. వాటి మేతలోని వేరుసెనగ పిండిలో, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన అఫ్లాటాక్సిన్ ఉన్నట్లు తరువాత తేలినది. మైసూరులో పోషణ చాలని పిల్లలకు బలము కొరకిచ్చిన వేరుసెనగ పిండిలోనే ఈ విషముండి, వారి కాలేయములు చెడిన సంగతి 1971లో ఒక వైద్యపత్రికలో ప్రకటింపబడినది. కాయ ఊరు దశలో వాన మొగము చాటుచేసి నేల వేడెక్కినచో, ఈ బూజు నేలలోనే కాయను పట్టును. అనంతపురపు పీఠభూమిలో అట్టి ఏళ్లు ఎన్నో! వేయించినను విషము పూర్తిగా నశింపదు. ముడుతపడిన, రంగు మారిన గింజలను ఏరివేయవలెను. ఇంట గింజనైతే ఏరవచ్చును, డబ్బాలోని పిండిని ఏరుటెట్లు?

మూడవది మందుల కల్తీ. 13 దేశములలో కొన్న 634 పోషకములను జర్మనీలో పరీక్షింపగా, 94 యందు చీటీపై చెప్పని హార్మోను సంబంధ పదార్థములు కనబడెనని 2004లో ప్రకటించిరి. పోటీలకు వెళ్లు విద్యార్థి దేహములో నిషిద్ధ పదార్థము దొరికినచో, తెలియక తింటిననుట దోషమును తొలగింపదు. శిక్షను తగ్గింపవచ్చును, అంతే. డబ్బాపైనుండు 14 అంకెల ఆహారభద్రతా లైసెన్సు సంఖ్య వ్యాపారికి అనుమతి యున్నదని చెప్పును; చేతనున్న డబ్బాను పరీక్షించిరని కాదు. మూత్రపిండముల జబ్బున్నవారు వైద్యుని అడుగక ఏ పొడియు ముట్టరాదు.

ఇంతకును ఎంత కావలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దలకు కిలో బరువుకు రోజునకు 0.83 గ్రాములు, అనగా 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. కండలకు కసరత్తు చేయువారికైనను కిలోకు 1.6 గ్రాములు దాటినచో అదనపు లాభము లేదని 2024లో ఆ సంస్థ ప్రకటించినది. 200 గ్రాముల రాగిపిండి సంగటిలో 14, 50 గ్రాముల ఉలవలలో 11, పిడికెడు మంచి వేరుసెనగ గింజలలో 7, ఒక గ్రుడ్డులో 6, గ్లాసు పాలలో 6: మొత్తము 44 గ్రాములు.