ఒకే రాష్ట్రము - రెండు క్రికెట్ జట్లు

క్రికెట్ ఆటలో ఒక యువకుని భవిష్యత్తును అతని నైపుణ్యము ఒక్కటియే నిర్ణయింపదు. అతడు ఏ సంఘమునకు చెందినవాడు, ఆ సంఘపు జట్టు ఏ శ్రేణిలో ఆడుచున్నది అను రెండు విషయములును నిర్ణయించును. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో పిల్లలకు బ్యాటు కొనియిచ్చు తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

1956 నుండి 2014 వరకు తెలుగువారి రాష్ట్రము ఒక్కటియే. కాని రంజీ ట్రోఫీలో ఆ రాష్ట్రమునకు జట్లు రెండు. హైదరాబాదు జట్టు 1934-35లో, ఆ పోటీ పుట్టిన యేటనే పాల్గొని, 1937-38లోను, 1986-87లోను విజేతగా నిలిచెను. ఆంధ్ర జట్టు 1953-54లో ప్రవేశించెను. దాని తొలి నాయకుడు కర్నల్ సి.కె. నాయుడు. 1932లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వము వహించిన ఆయనకు అప్పటికి ఏబదియెనిమిదేండ్లు. క్రొత్త జట్టు పేరున్న ఆటగానిని బయటినుండి పిలుచుకొనుట నాటినుండియు ఉన్నదే.

ఈ రెండు జట్లును చిరకాలము దక్షిణ మండలములోనే ఉండెను. మద్రాసు, మైసూరు, కేరళ జట్లు వాటికి తోడు. 1970-71కి ముందు మండలమునకు ఒక్క జట్టే ముందునకు పోగలిగెడిది. అయినను ఆటగానికి ఒక మేలుండెను. అతడు హైదరాబాదువాడైనను, ఆంధ్రుడైనను ఎదుర్కొనునది ఆ ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌లనే. ఇద్దరి పరుగులను ఒకే తక్కెడలో తూచవచ్చును.

2002-03లో ఈ ఏర్పాటు మారినది. మండలముల స్థానమున ఎలైట్, ప్లేట్ అను శ్రేణులు వచ్చినవి. తరువాత పేర్లును సంఖ్యలును పలుమారులు మారినను సూత్రము చాలవరకు ఇదియే: గెలిచిన జట్టు పైకి పోవును, ఓడినది క్రిందికి దిగును. పొరుగు ప్రత్యర్థులిద్దరు వేరువేరు మెట్లపై నిలుచుటకు అవకాశమేర్పడినది. 2023-24లో అట్లే జరిగినది. ఆంధ్ర జట్టు ఎలైట్‌లో ఆడి క్వార్టర్ ఫైనల్ చేరెను; హైదరాబాదు ప్లేట్‌లో మేఘాలయ, నాగాలాండ్, మిజోరం, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్ జట్లతో ఆడవలసివచ్చెను. ఆ యేట తన్మయ్ అగర్వాల్ అరుణాచల్‌పై 366 పరుగులు చేసి, 147 బంతులలోనే మూడు వందలు దాటెను. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగముగా మున్నెవ్వరును ట్రిపుల్ సెంచరీ చేయలేదు. అయినను ప్రత్యర్థి బలమెంత అను ప్రశ్న ఆ పరుగుల వెంట రాక తప్పలేదు. హైదరాబాదు ఆ శ్రేణిలో విజేతయై మరుసటి యేడు మరల పైకెక్కెను.

ఇట్టి వేళ ఆటగాని మనస్సు పై శ్రేణివైపు మొగ్గుట సహజము. ఒక సంఘమును విడిచి వేరొకదానిలో చేరుటకు మొదటి సంఘము అభ్యంతరము లేదని పత్రమీయవలెను. అంబటి రాయుడు 2005లోను, హనుమ విహారి 2016లోను హైదరాబాదు నుండి ఆంధ్రకు వెళ్లిరి. ఎవరి కారణములు వారివి. కాని దారి యున్నదని అందరికిని తెలిసినది.

క్రింది శ్రేణి జట్టునకు ఉపాయము లేకపోలేదు. 2010లో జయపురమున హైదరాబాదును 21 పరుగులకే కూల్చిన రాజస్థాన్ అప్పుడు ప్లేట్‌లోనే యుండెను. బయటినుండి హృషీకేశ్ కనిత్కర్, ఆకాశ్ చోప్రాలను రప్పించుకొని, ఆ యేటనే రంజీ విజేతయయ్యెను. విదర్భయు వసీం జాఫర్‌ను చేర్చుకొని 2017-18లో గెలిచెను. అనుభవజ్ఞుని చూచి స్థానిక బాలుడు నేర్చుకొనును. కాని ఆ బాలునికి దక్కవలసిన చోటు ఒకటి తగ్గును.

ఇక మన ఉత్తర జిల్లాల మాట. ఆదిలాబాదునుండి నాగపూరు సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 300. అయినను ఆదిలాబాదు బాలునికి దగ్గరనున్న విదర్భ సంఘము పరాయిది, దూరముననున్న హైదరాబాదు సంఘము తనది. ఆ సంఘములోని క్లబ్బులలో అధికభాగము జంటనగరములవే. మంచిర్యాలలోనో, జగిత్యాలలోనో ఎంత చక్కగా ఆడినను, నగరపు లీగులో ఆడనివాడు ఎంపికచేయువారి కంట బడుట కష్టము. అందుచేత శ్రేణి ప్రశ్నకు ముందే ప్రవేశపు ప్రశ్న వచ్చును.

సంఘమునకు గుర్తింపు లేకున్న ఏమగునో బీహారు చెప్పును. 2000లో జార్ఖండ్ ఏర్పడిన పిదప బీహారు సంఘము గుర్తింపు పోగొట్టుకొని, 2018-19లోగాని రంజీకి తిరిగి రాలేదు. పాట్నాలో పుట్టిన ఇషాన్ కిషన్ జార్ఖండ్ తరఫున ఆడి పేరు తెచ్చుకొనెను. అట్లు పోలేనివారి పేర్లు మనకు వినబడవు.

కావున బాలుని చదువు మాన్పించి నగరమునకు పంపుటకు ముందు పెద్దలు మూడు సంగతులు విచారింపవలెను. చేర్చుకొను క్లబ్బు ఏ లీగులో ఆడుచున్నది? జిల్లా పోటీలను ఎంపిక సంఘమువారు చూచుచున్నారా? సంఘపు జట్టు ఈ యేడు ఏ శ్రేణిలో నున్నది? ఈ మూడింటికిని సరియైన సమాధానము దొరికినచో, ఇంటినుండి నగరమునకు పెట్టు ఖర్చు దేనికొరకో తెలిసియే పెట్టినట్లగును.